జనాభా లెక్కలు, యువత భవిష్యత్తు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ప్రపంచ జనాభా అదుపు తప్పి పెరుగుతోంది.

వాస్తవం: పెరుగుదల వేగం 1960లలోనే శిఖరానికి చేరింది. అప్పట్లో ఏడాదికి 2 శాతం దాటింది, ఇప్పుడు ఒక శాతం లోపే. ఐక్యరాజ్యసమితి 2024 అంచనాల ప్రకారం 820 కోట్ల జనాభా 2080ల మధ్యలో 1,030 కోట్ల దగ్గర ఆగి, తర్వాత తగ్గుతుంది. భారత్‌లో సంతానోత్పత్తి రేటు (ఒక మహిళ సగటున కనే పిల్లల సంఖ్య) 2.0కి దిగినా జనాభా ఇంకొన్ని దశాబ్దాలు పెరుగుతూనే ఉంటుంది. ఎక్కువమంది పిల్లలు పుట్టిన రోజుల్లోని తరాలే ఇప్పుడు తల్లిదండ్రుల వయసులో ఉన్నాయి. ఇంటికి ఇద్దరే అయినా మొత్తం కాన్పులు చాలానే ఉంటాయి.

అపోహ: పిల్లలు తగ్గారంటే అమ్మాయిలు బాగా చదువుకుని, ఆలస్యంగా పెళ్లి చేసుకుంటున్నట్టే.

వాస్తవం: ఆంధ్రప్రదేశ్ దీనికి ఎదురు సాక్ష్యం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్ర సంతానోత్పత్తి రేటు 1.7, దేశ సగటు కంటే తక్కువ. అదే సర్వేలో 20-24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది (దేశంలో 23.3). 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం అప్పటికే తల్లులు లేదా గర్భిణులు. పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు.

తొందరగా పెళ్లి, వెంటవెంటనే రెండు కాన్పులు, ఆపై ఆపరేషన్. ఈ దారిలోనూ 1.7 వస్తుంది. డిగ్రీ, ఉద్యోగం, తర్వాత పెళ్లి అనే దారిలోనూ అదే 1.7 రావచ్చు. అమ్మాయి బతుకులో మాత్రం ఈ రెండింటికీ పోలికే లేదు. అందుకే ఈ సర్వేలో మీ రాష్ట్ర పత్రం తెరిచినప్పుడు రేటు దగ్గరే ఆగకండి. 18లోపు పెళ్లిళ్లు, 15-19 ఏళ్ల తల్లులు, పదేళ్లైనా బడికి వెళ్లిన మహిళలు: ఈ మూడు వరుసలూ కలిపి చదవండి.

అపోహ: ఇప్పుడు ముగ్గురిని కంటే పనిచేసేవాళ్ల కొరత తీరుతుంది.

వాస్తవం: ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది. కానీ నేడు పుట్టే బిడ్డ సంపాదనలో పడేసరికి కనీసం ఇరవై ఏళ్లు. అప్పటిదాకా పిల్లల ఖర్చు, పెద్దల ఖర్చు రెండూ ఇప్పటి యువత మీదే. ఇంట్లో ఆగిపోయిన చదువుకున్న అమ్మాయికి పని దొరికితే ఫలితం ఆ నెల నుంచే కనిపిస్తుంది.

అపోహ: యువతలో నిరుద్యోగం 10 శాతమే, మిగతా 90 మందికీ ఉద్యోగాలున్నాయి.

వాస్తవం: 2023-24 కార్మిక సర్వేలో 15-29 ఏళ్లవారి నిరుద్యోగం 10.2 శాతం. ఈ శాతాన్ని లెక్కగట్టేది యువత మొత్తం మీద కాదు, పని చేస్తున్నవారు, వెతుకుతున్నవారి మీదే. వాళ్లు వందలో సగం కూడా లేరు. విద్యార్థులు, ఇంటిపనికే పరిమితమైన అమ్మాయిలు, విసిగి వెతకడం మానేసినవారు లెక్కలోకి రారు. పైగా ఏడాదిలో 30 రోజులు పనిచేసినా, అన్న కొట్లో జీతం లేకుండా కూర్చున్నా 'ఉపాధి' కిందే రాస్తారు.

ఇంకో చిక్కు: 2025 నుంచి వస్తున్న నెలవారీ గణాంకాలు వారం ప్రాతిపదికవి, అంటే గడిచిన ఏడు రోజుల్లో ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. వాటిని ఏడాది ప్రాతిపదిక పట్టికల పక్కన పెడితే లేని పెరుగుదలో తగ్గుదలో కనబడుతుంది. పోల్చేముందు ప్రాతిపదిక ఒకటేనా, వయసు పరిధి ఒకటేనా అని చూసుకోండి. తర్వాత ఉపాధి ఉన్నవారిలో నెలజీతం ఎందరికి, రోజుకూలీ ఎందరికి, సొంతవాళ్ల కొట్టులోనో పొలంలోనో జీతం లేని సాయం ఎందరిదో విడదీయండి.