చదివేసిన పుస్తకం ఉంచుకోవాలా, ఇచ్చేయాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

విశాఖలోని ఒక గ్రంథాలయంలో దానంగా వచ్చే పుస్తకాలు చూసుకోవడం నా పని. ఇల్లు మారుతున్నవాళ్లు, రిటైరై పిల్లల దగ్గరికి వెళ్లిపోతున్నవాళ్లు, పెద్దాయన పోయాక ఆయన బీరువా ఏం చేయాలో తోచనివాళ్లు ఫోన్లు చేస్తుంటారు. "ఉంచుకోమంటారా, ఇచ్చేయమంటారా?" అని అడుగుతారు. నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను: ఆ పుస్తకం పోతే మళ్లీ దొరుకుతుందా? ఇస్తే చదివేది ఎవరు? ఈ రెండూ అడక్కుండా ముందే స్థిరపడిపోయిన అభిప్రాయాల వల్లే మంచి పుస్తకాలు పోతున్నాయి.

అపోహ: బీరువాలో పెట్టి తాళం వేస్తే పుస్తకం భద్రం.

మన ఊళ్లో ఈ మాట చెల్లదు. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు అలాగే ఉంటే కాగితానికి బూజు పడుతుంది. సముద్రం పక్కన ఉన్న విశాఖలో ఏడాదిలో చాలా నెలలు తేమ అంతకంటే ఎక్కువే. బయటి గోడకు ఆనించిన ఇనుప బీరువా, అందులో రెండు వరుసలుగా కుక్కిన పుస్తకాలు, వానాకాలంలో చెమ్మ పట్టే గోడ: ఈ మూడూ కలిస్తే వెనక వరుస పోయినట్టే. ముందు వరుస నిగనిగలాడుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. వెనకది లాగితే అట్ట మీద బూడిదరంగు పొడి, లోపల గోధుమరంగు మచ్చలు, పాత బైండింగులో మైదా జిగురు ఉన్నచోటల్లా సిల్వర్‌ఫిష్ పురుగు కొరికిన గీతలు.

కలరా ఉండలు వేశాం కదా అంటారు. అవి పురుగులను కొంతవరకు ఆపుతాయేమో గానీ బూజుకు మందు కాదు. పైగా జీ6పీడీ లోపం (పుట్టుకతో వచ్చే ఒక ఎంజైము లోపం) ఉన్న పసిపిల్లలకు ఆ నాఫ్తలీన్ ఆవిరి ప్రమాదం, ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. చంటిపిల్లలున్న ఇంట్లో అసలు వాడకండి. చేయాల్సింది సులువే. బీరువాను గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి. పుస్తకాలను బిగించి పెట్టకండి. పొడి రోజుల్లో తలుపులు తీసి ఫ్యాను వేయండి. బూజు పట్టినదాన్ని వేరే కవర్లో పెట్టి మిగతావాటికి దూరం చేయండి, తర్వాత నీడలో ఆరబెట్టి, ముక్కుకు మాస్కు కట్టుకుని ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి. ఎర్రటి ఎండలో మాత్రం పెట్టొద్దు, కాగితం పసుపెక్కి పెళుసుబారుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు కిటికీ అద్దాలు పగిలిన ఇళ్లలో తడిసిన పుస్తకాల సంగతి ఇప్పటికీ చెబుతుంటారు. మామూలు కాగితం తడిసినా ఆరబెడితే ఎలాగో నిలుస్తుంది. గ్లేజు కాగితం మీద అచ్చేసిన బొమ్మల పుస్తకాలు తడితోనే ఆరిపోతే పేజీలన్నీ అతుక్కుని ఒకే దిమ్మ అయిపోతాయి, ఇక విడదీయలేం. అలాంటివి మీ దగ్గరుంటే కిటికీ వైపు పెట్టకండి.

అంటే, ఉంచుకోవడమంటే కాపాడటం. ఆ ఓపిక లేనప్పుడు పుస్తకం బాగున్నప్పుడే ఇచ్చేయడం మేలు. బూజు పట్టాక తెస్తే మేం కూడా లోపలికి రానివ్వం, మా అరలకు అంటుకుంటుంది.

అపోహ: మళ్లీ చదవని పుస్తకం ఇంట్లో ఉండటం దండగ.

మీరు మళ్లీ చదువుతారా లేదా అన్నది సగం ప్రశ్నే. తెలుగులో చాలా పుస్తకాలు వెయ్యి కాపీలు, ఒక్కోసారి ఐదువందలే వేస్తారు. రచయిత సొంత డబ్బు పెట్టి వేసుకున్నది రెండో ముద్రణకు వెళ్లడం అరుదు. పది ముద్రణలు పొందిన నవలను జనం పట్టుచీరలా దాచుకుంటారు, అది రేపు ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది. కాలేజీ మ్యాగజైన్లు, సన్మాన సంచికలు, ఊరి గుడి స్థలపురాణాలు, సంఘాల సావనీర్లు మాత్రం "పాత పేపర్లు" అంటూ ముందు తూకానికి వెళ్లిపోతాయి. అవి మళ్లీ దొరకవు.

సీతమ్మధారలో ఒక మామ్మగారింట చూసిన బైండు గురించి చెప్పాలి. వారపత్రికలో వచ్చిన సీరియల్‌ను వారం వారం కత్తిరించి, దబ్బనంతో కుట్టి, ఎర్ర కాలికో అట్ట వేయించారు. పేజీలకు సిరాతో అంకెలు వేసుకున్నారు. ఒక వారం సంచిక అందకపోతే ఆ భాగాన్ని ఎవరి దగ్గరో తెచ్చుకుని, రూళ్ల కాగితం మీద గుండ్రటి చేతిరాతతో ఎత్తి రాసి మధ్యలో కుట్టించారు. సీరియల్ తర్వాత పుస్తకంగా వస్తే పత్రికలోని బొమ్మలు సాధారణంగా అందులో ఉండవు, ఈ బైండులో ఉన్నాయి. వాళ్లబ్బాయి దాన్ని చిత్తుకాగితాల మూటలో వేశాడు. మామ్మగారు ఒప్పుకున్నాక మా గ్రంథాలయానికి తెచ్చుకున్నాం. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే దయచేసి కిలో లెక్కన అమ్మకండి.

అపోహ: నెట్‌లో ఉంది కదా, కాగితం పుస్తకం ఎందుకు?

ఉన్నవి చాలానే, వాటి మేలూ పెద్దదే. కానీ స్కాన్లలో పేజీలు జారిపోయినవి, చివరి పంక్తులు తెగిపోయినవి తక్కువేం కాదు. మీ కాపీని వదులుకునే ముందు స్కాన్ చివరిదాకా తిరగేయండి. మన చట్టంలో కాపీరైటు రచయిత మరణించాక 60 ఏళ్లు ఉంటుంది, కాబట్టి ఈ మధ్య తరాల పుస్తకాలను అనుమతి లేకుండా నెట్‌లో పెట్టడానికి వీల్లేదు.

అపోహ: గ్రంథాలయం ఏది ఇచ్చినా తీసుకుంటుంది.

తీసుకోదు. ఒక్కో పుస్తకానికీ యాక్సెషన్ నంబరు (మా రిజిస్టరులో దాని వరుస సంఖ్య) వేయాలి, వర్గీకరించాలి, లేబుల్ అంటించాలి, అరలో చోటివ్వాలి. మాకు ఎక్కువగా వచ్చేవి పాత పోటీపరీక్షల గైడ్లు. 2022 ఏప్రిల్ 4న మన ఉమ్మడి జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయింది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అంతకు ముందటి గైడును రీడింగ్ రూములో పెడితే, కోచింగుకు డబ్బుల్లేక మా బల్లల దగ్గర చదువుకునే కుర్రాడు తప్పు జవాబు నేర్చుకుపోతాడు. వాటిని చిత్తుకాగితాలకు వేయడం పాపం కాదు. సరస్వతి అని కళ్లకద్దుకునే అలవాటు నాకూ ఉంది, అయినా ఈ మాట గట్టిగానే చెబుతాను. మన గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో రాసిన గ్రంథాలయ సూత్రాల్లో మొదటిదే పుస్తకాలు ఉన్నది వాడుకోవడానికి అని.

అపోహ: "పరహస్తం గతం గతః", చేయి దాటితే అంతే.

అరువో దానమో చెప్పకుండా ఇచ్చినప్పుడే ఈ బాధ. అరువైతే నోటుబుక్కులో పేరు, తేదీ రాసుకుని నెలకోసారి అడగండి. దొరకని పుస్తకాన్ని అసలు అరువివ్వకండి, ఇంటికి వచ్చి చదువుకోమనండి.

అపోహ: ఏజెన్సీ బడులకు ఏ పుస్తకం పంపినా ఉపయోగమే.

పాడేరు, అరకు వైపు చాలామంది పిల్లల ఇంటి భాష కువి అనే గిరిజన భాష, లేదా ఆదివాసీ ఒడియా. తెలుగు వాళ్లకు బడిలో నేర్చుకునే భాష. పెద్ద అక్షరాలు, పేజీకి రెండు మూడు వాక్యాలు, నిండుగా బొమ్మలు ఉన్నవి పంపితే చిరిగేదాకా చదువుతారు. లావుపాటి ఇంగ్లిషు విజ్ఞాన సర్వస్వం సెట్టు మాత్రం హెడ్‌మాస్టరుగారి గదిలో ఉండిపోతుంది. ముందు టీచరుగారికి ఫోన్ చేసి ఏ తరగతి పిల్లలున్నారో కనుక్కోండి. పంపడానికి తపాలా శాఖ 2025 మేలో మొదలుపెట్టిన జ్ఞాన్ పోస్ట్ ఉంది: 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100, పన్నులు అదనం. కట్ట కట్టే ముందు ప్రతి పుస్తకాన్నీ వెన్ను పట్టుకుని ఒకసారి దులపండి. పాత ఉత్తరాలు, ఫొటోలు, ఒకసారి పొలం దస్తావేజు కూడా మాకు అలా దొరికాయి.