నోటీసు లేని ప్రింట్లు: ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ వెనుక కథ

అమెరికాలో 1962లో వచ్చిన ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ను ఇప్పుడు హారర్ క్లాసిక్ అంటున్నారు. విడుదలైనప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్లే తక్కువ. ఆ తర్వాత వచ్చిన పేరుకు సినిమా గొప్పతనం ఎంత కారణమో, దాని హక్కులకు పట్టిన గతీ అంతే కారణం.

దర్శకుడు హెర్క్ హార్వీ కాన్సస్ రాష్ట్రంలోని లారెన్స్‌లో సెంట్రాన్ సంస్థ ఉద్యోగి. బడులకు, పరిశ్రమలకు చిన్న చిత్రాలు తీయడం ఆయన పని. కాలిఫోర్నియా నుంచి కారులో తిరిగొస్తుండగా యూటాలో, ఉప్పు సరస్సు ఒడ్డున మూతబడిన సాల్ట్‌ఎయిర్ అనే విహారశాల కనబడింది. పొద్దుగూకే వేళ గుమ్మటాలతో పాడుబడి ఉన్న ఆ కట్టడం ఆయన్ని వదల్లేదు. తోటి ఉద్యోగి జాన్ క్లిఫర్డ్‌ను స్క్రిప్ట్ రాయమన్నారు. పెట్టిన షరతు ఒకటే: చివర్లో ఆ హాల్లో చచ్చినవాళ్లు డాన్స్ చేయాలి.

ఉద్యోగానికి సెలవు పెట్టి, సుమారు 33 వేల డాలర్లతో మూడు వారాల్లో షూటింగ్ ముగించారు. కారు నదిలో పడ్డాక ఒంటరిగా బయటపడిన మేరీ అనే ఆర్గాన్ వాద్య కళాకారిణిని ఓ పాలిపోయిన ముఖం వెంటాడుతుంది. ఆ ముఖం హార్వీదే. నాకు అంతకన్నా భయం వేసేది బట్టల షాపు సీన్. ఉన్నట్టుండి చుట్టూ శబ్దం ఆగిపోతుంది, మేరీ ఎవరికీ కనబడదు, ఆమె మాట ఎవరికీ వినబడదు. డబ్బుతో పనిలేని భయం అది. జీన్ మూర్ ఆర్గాన్ సంగీతం ఆ టెన్షన్‌ను ఎక్కడా సడలనివ్వదు.

పంపిణీ తీసుకున్న హెర్ట్స్-లయన్ సంస్థ కొన్ని నిమిషాలు కోసేసి, మరో సినిమాతో జతకట్టి వదిలింది. కొన్నాళ్లకే దివాలా తీసింది. హార్వీకి రావలసిన డబ్బు రాలేదు. పైగా ప్రింట్ల మీద కాపీరైట్ నోటీసు, అంటే హక్కు ఎవరిదో చెప్పే ప్రకటన, లేదు. అప్పటి అమెరికా చట్టంలో నోటీసు లేకుండా విడుదలైతే హక్కు పోయినట్టే. 1968లో ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ అనే హారర్ సినిమాకూ పేరు మార్చినప్పుడు నోటీసు జారిపోయి ఇదే గతి పట్టింది.

అలా ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ ఎవరికీ అనుమతి ఫీజు కట్టక్కర్లేని సినిమా అయింది. టీవీ స్టేషన్లు అర్ధరాత్రి వేళ వేస్తూ వచ్చాయి, అక్కడే అభిమానులు పుట్టారు. 1989లో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు రోజర్ ఈబర్ట్ లాంటి విమర్శకులు మెచ్చుకున్నారు. నోటీసు తప్పనిసరి అనే నిబంధనను అమెరికా ఎత్తేసింది కూడా అదే ఏడాది. హార్వీ 1996లో చనిపోయారు. ఆయన తీసిన ఏకైక ఫీచర్ సినిమా ఇదే. ఆ నిబంధన ఒక కళాకారుడి దగ్గర ఏం లాక్కుందో చెప్పడానికి నాకు ఆ ఒక్క వివరం చాలు.