వైన్స్‌బెర్గ్: పేరుకు ఒక కథ, శిథిలాలకు మరో కథ

జర్మనీలో హైల్‌బ్రాన్ నగరం పక్కనే వైన్స్‌బెర్గ్ అనే చిన్న ఊరుంది. చుట్టూ ద్రాక్షతోటలు, మధ్యలో గుట్ట, గుట్ట మీద మొండిగోడలు. ఆ కోటను 'వైబర్‌ట్రాయ్' అంటారు. ఇల్లాళ్ల విశ్వాసం అని అర్థం.

ఆ పేరు 1140 నాటి ముట్టడి నుంచి వచ్చింది. వెల్ఫ్ వంశం చేతిలో ఉన్న కోటను మూడో కాన్రాడ్ రాజు చుట్టుముట్టాడు. డిసెంబరులో కోట లొంగింది. ఆడవాళ్లు మాత్రం వీపున మోయగలిగినంత తీసుకుని వెళ్లిపోవచ్చని రాజు మాటిచ్చాడు. వాళ్లు నగానట్రా వదిలేసి, మొగుళ్లను వీపుకెక్కించుకుని గుట్ట దిగారట. రాజు అన్న ఫ్రెడరిక్ కుదరదన్నా, ఆడిన మాట తప్పనని కాన్రాడ్ వాళ్లను పోనిచ్చాడు. కొన్ని దశాబ్దాల తర్వాత కొలోన్‌లో రాసిన రాజుల చరిత్రలో ఈ కథ ఉంది. ఇది ఎంతవరకు నిజమన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ముట్టడి, లొంగుబాటు మాత్రం నిజంగా జరిగినవే.

కోట నాశనమైంది మాత్రం అప్పుడు కాదు, 1525లో. వెట్టిచాకిరీ, పన్నులు భరించలేక తిరగబడ్డ రైతులు ఏప్రిల్ 16న, ఈస్టర్ పండగ రోజున, కోటనూ ఊరినీ పట్టుకున్నారు. ఆ తర్వాత ప్రభువు లుడ్విగ్ ఫాన్ హెల్ఫెన్‌స్టైన్‌ను, ఆయన వెంట ఉన్న దొరలను ఈటెల వరసల మధ్య పరుగెత్తించి చంపారు. మెల్కియర్ నోనెన్‌మాకర్ అనేవాడు ముందు నడుస్తూ పిల్లనగ్రోవి ఊదాడు. ప్రభువు భార్య మార్గరెట్, మాక్సిమిలియన్ చక్రవర్తి కూతురు, భర్తను వదిలేయమని కాళ్లావేళ్లా పడినా ఎవరూ వినలేదు. ఇల్లాలు మొగుణ్ణి కాపాడుకుందని పేరుపడ్డ గుట్ట కిందే ఇది జరిగింది. నాకు ఈ ఊరి చరిత్రలో అన్నిటికంటే బరువుగా అనిపించేది ఇదే.

ప్రతీకారం నెల తిరగ్గానే వచ్చింది. మే నెలలో దొరల సైన్యం వైన్స్‌బెర్గ్‌ను తగలబెట్టింది. నోనెన్‌మాకర్‌ను, రైతు నాయకుడు యెక్లైన్ రోర్‌బాక్‌ను గొలుసుతో కట్టి, చుట్టూ మంట పెట్టి కాల్చి చంపారు. దొరల చావునే తలుచుకుని ఈ మంటల్ని మరిచిపోతే సగం చరిత్రే చెప్పినట్టు.

కోటను మళ్లీ కట్టలేదు. ఆ రాళ్లు ఊళ్లో ఇళ్ల గోడల్లోకి చేరాయి. ఇలా కరిగిపోతున్న కోటను ఆపింది 1819లో ఇక్కడికి వచ్చిన డాక్టరు, కవి యుస్టినుస్ కెర్నర్. ఊరి మహిళలతో సంఘం పెట్టించి, కోట రాతి ముక్కలు పొదిగిన ఉంగరాలు అమ్మించి, ఆ డబ్బుతో శిథిలాలను నిలబెట్టాడు. లావు బురుజులో గాలికి మోగే వీణలు పెట్టించాడు. 1945 ఏప్రిల్ 12న బాంబుదాడిలో ఊరు చాలావరకు కాలిపోయింది. గుట్ట మీద శిథిలాలను ఇప్పటికీ కెర్నర్ పేరుతో ఉన్న సంఘమే చూసుకుంటోంది.