ముఖం ఆటగాడిది, గల్లాపెట్టె యూనియన్‌ది

పదేళ్ల తర్వాత అమెరికా ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల ఫొటో కార్డులు, అభిమానులు కొని పోగుచేసుకునేవి, మళ్లీ టాప్స్ కంపెనీ పేరుతో వస్తున్నాయి. 2016 నుంచి ఆ హక్కు మొత్తం ఇటలీ కంపెనీ పానినిది. 2026తో అది అమెరికా క్రీడా సరుకుల కంపెనీ ఫనాటిక్స్ చేతికి పోయింది. టాప్స్‌ను 2022 జనవరిలో సుమారు 50 కోట్ల డాలర్లు పోసి కొన్నది ఈ ఫనాటిక్సే. హక్కు చేతులు మారినా తగాదా మాత్రం తెగలేదు. మార్కెట్ మొత్తాన్ని గుప్పిట్లో పెట్టుకుందని ఫనాటిక్స్ మీద పానిని 2023 ఆగస్టులో కేసు వేసింది. నాలుగు రోజుల్లోనే ఫనాటిక్స్ ఎదురు కేసు వేసింది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని కోలగా ఉండే బంతితో ఆడే అమెరికా ఆట. మనకు దూరపు గొడవలా కనిపిస్తుంది కానీ పానిని అమెరికా ప్రధాన కార్యాలయం ఉన్నది టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో. డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డ ఊళ్లలో అదొకటి. అక్కడి తెలుగు ఇళ్లలో డాలస్ జట్టు కౌబాయ్స్ జెర్సీ వేసుకుని తిరిగే పిల్లాడికి పానిని ప్రిజమ్ కార్డుల ప్యాక్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వాళ్ల నాన్నకే.

ఈ వార్తలను ఇద్దరు వ్యాపారుల కొట్లాటగా రాసేస్తున్నారు. ఫనాటిక్స్ అధిపతి మైకేల్ రూబిన్ ఫొటో ఒక పక్క, పానిని లోగో ఇంకో పక్క, మధ్యలో అంకెలు. కానీ పానినికి పదేళ్ల కిందట హక్కు ఇచ్చిందెవరు, 2023లో గడువు తీరకముందే తెంపేసిందెవరు అని అడిగితే జవాబు ఒక్కటే: ఆటగాళ్ల యూనియన్, ఎన్‌ఎఫ్‌ఎల్‌పీఏ. లోగోల కోసం లీగ్ సంతకమూ కావాలి. అయినా కార్డు మీద ఉండే ముఖాన్ని గంపగుత్తగా అమ్మే అధికారం యూనియన్‌ది. అది దాని చేతికి ఎలా వచ్చిందో తెలిస్తేనే ఇవాళ్టి గొడవ అర్థమవుతుంది.

సిగరెట్ పెట్టెల్లోంచి బబుల్‌గమ్ ప్యాకెట్లలోకి కార్డులు ఎలా వచ్చాయో చాలామంది రాశారు. ఆ కథ వదిలేద్దాం. ఒక్క తీర్పు మాత్రం గుర్తుపెట్టుకోవాలి. 1953లో బేస్‌బాల్ కార్డుల విషయంలో టాప్స్‌కూ, బౌమన్ కార్డులు వేసే హేలన్ లేబొరేటరీస్‌కూ మధ్య నడిచిన కేసులో న్యాయమూర్తి జెరోమ్ ఫ్రాంక్, మనిషి తన బొమ్మను వాడుకునే హక్కును వేరే ఆస్తిలాగే అమ్ముకోవచ్చని తేల్చారు. బబుల్‌గమ్ అమ్ముకునేవాళ్ల తగాదాలోంచి పుట్టిన ఈ సూత్రం మీదే ఇవాళ సినిమా తారల కేసులూ నడుస్తున్నాయి.

ఇక 1970ల కార్డులకు వద్దాం. పాత కార్డులు పోగుచేసేవాళ్ల దగ్గర ఒక 1974 కార్డో, 1978 కార్డో తీసి చూడండి. జెర్సీ రంగు సరిగ్గానే ఉంటుంది, మనిషి సరిగ్గానే ఉంటాడు, హెల్మెట్ మాత్రం బోడిగా ఉంటుంది. డాలస్ జట్టు లోగో నక్షత్రం ఉండదు, మిన్నెసోటా జట్టు కొమ్ము ఉండదు. ఫొటోలో ఉన్న లోగో మీద టాప్స్ ఆర్టిస్టులు రంగు స్ప్రే చేసి చెరిపేసేవారు. దగ్గరగా పెట్టుకుని చూస్తే కొన్నిటిలో ఆ రంగు పూత అంచు కూడా కనిపిస్తుంది, చుట్టూ ఉన్న హెల్మెట్ మెరుస్తుంటే ఆ ముక్క మాత్రం మొద్దుగా. అసలు ఆ గొడవే లేకుండా హెల్మెట్ తీయించి, జుట్టు గాలికి ఎగురుతుండగా తీసిన ఫొటోలూ బోలెడు.

కారణం డబ్బే. టాప్స్ ముఖాల కోసం ఆటగాళ్ల సంఘానికి కట్టేది, లోగోల కోసం లీగ్‌కు కట్టేది కాదు. 1982లో లీగ్‌తో కూడా ఒప్పందం కుదిరాకే హెల్మెట్ల మీదకి లోగోలు తిరిగొచ్చాయి. వాల్టర్ పేటన్ మొదటి కార్డు 1976ది, జో మాంటానాది 1981ది. ఇవాళ వేల డాలర్లు పలికే ఆ రూకీ కార్డులు (ఆటగాడి మొదటి కార్డును అలా అంటారు) రెండూ ఆ కాలానివే. లోగో లేకపోయినా పిల్లలు కొన్నారు. వాళ్లకు కావాల్సింది పేటన్ కదా. ముఖం ఉంటే లోగో లేకుండా కార్డు అమ్ముడుపోతుంది, లోగో ఉండి ముఖం లేకపోతే పోదు. దాదాపు పుష్కరం పాటు ఈ సంగతి షాపుల్లో రుజువవుతూనే ఉంది. దాని విలువ యూనియన్ పెద్దలకు పూర్తిగా తెలిసింది మాత్రం ఇల్లు కాలినప్పుడే.

అది 1987. ఆటగాళ్లు తమకు నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ కావాలని సమ్మె కట్టారు. యజమానులు వేరేవాళ్లను తెచ్చి ఆటలు నడిపించేశారు. టీవీ చానళ్లు వాటినీ చూపించాయి. నెల తిరక్కుండానే సమ్మె కూలిపోయింది. చేతిలో ఒప్పందం లేదు, బేరమాడే బలం లేదు. మిగిలింది కోర్టు. అక్కడా ఒక చిక్కు: యూనియన్‌గా ఉన్నంతకాలం కార్మిక చట్టం అడ్డొస్తుంది, గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద లీగ్‌ను నిలదీయలేరు. అందుకని 1989లో యూనియన్ తనను తానే రద్దు చేసుకుంది, కాగితం మీద వృత్తి సంఘంగా మారింది. అంటే సభ్యుల నుంచి చందాలు వసూలు చేసుకునే హక్కు కూడా పోయింది. మరి లాయర్ల ఫీజులు?

సరిగ్గా అదే సమయంలో కార్డుల పిచ్చి ముదిరింది. 1989లో స్కోర్, ప్రో సెట్ అనే కొత్త కార్డులు దిగాయి, ఫుట్‌బాల్ కార్డుల్లో అప్పటిదాకా టాప్స్‌కున్న ఏకఛత్రాధిపత్యం పోయింది. తర్వాతి రెండు మూడేళ్లలో అడిగినవాడికల్లా లైసెన్స్, అచ్చయిన కార్డుకల్లా గిరాకీ. కొనేవాళ్లు కాలేజీ ఫీజులకు పనికొస్తాయని పెట్టెలకు పెట్టెలు అటక మీద దాచారు. ఆ కార్డుల్లో చాలావాటికి ఇవాళ కాగితం ఖరీదు కూడా రాదు, అది వేరే విషాదం. యూనియన్‌కు మాత్రం లైసెన్స్ డబ్బు ధారగా వచ్చింది. ఆ డబ్బుతోనే అది ఊపిరి నిలుపుకుంది, కేసులు నడిపింది. లీగ్‌కూ ఆ సంగతి తెలుసు. 1990ల మొదట్లో క్వార్టర్‌బ్యాక్ క్లబ్ అని పెట్టి ఎల్వే, మరీనో, కెల్లీ లాంటి, బంతి విసిరి జట్టును నడిపే పెద్ద తారలను యూనియన్ గంపలోంచి తీసి తన గంపలో వేసుకుంది. తారల మార్కెటింగ్ కోసమే ఇదని లీగ్ మాట. చందా దారి మూసుకుపోయాక ఉన్న ఒక్క ఆదాయానికీ గండి కొట్టడానికే అని యూనియన్ మాట. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండో మాటే నమ్మబుద్ధవుతుంది.

1992 సెప్టెంబరులో మినియాపొలిస్‌లో, లీగ్ మీద ఆటగాళ్లు వేసిన మెక్‌నీల్ కేసులో జ్యూరీ ఆటగాళ్ల వైపు నిలిచింది. 1993లో కొత్త ఒప్పందం, దాంతోపాటు ఫ్రీ ఏజెన్సీ, అంటే నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ, వచ్చాయి. ఇవాళ క్వార్టర్‌బ్యాక్‌లు ఏడాదికి 5 కోట్ల డాలర్లు దాటి తీసుకుంటున్నారంటే దాని వేరు అక్కడుంది. ఈ పోరాటం నడిపినవాడు యూనియన్ అధిపతి జీన్ అప్‌షా. ఒకప్పటి ఓక్లాండ్ రైడర్స్ గార్డ్, 1972 టాప్స్ సెట్‌లో అతని మొదటి కార్డు ఉంది. ముఖాల డబ్బుతో యుద్ధం గెలవచ్చని చూపించింది ఆయనే. ఆ గెలుపును తక్కువ చేయడం ఎవరి తరమూ కాదు. కానీ ఆటగాడి జేబుఖర్చుగా మొదలైన కార్డు డబ్బు ఆ నాలుగేళ్లలో సంస్థ ఖజానాగా మారిపోయింది. ఖజానా అయ్యాక దాని లెక్క వేరు. 1994లో ప్లేయర్స్ ఇంక్ అని ప్రత్యేకంగా ఒక లైసెన్సింగ్ కంపెనీయే పెట్టారు.

మరి పాతవాళ్లు?

హెర్బ్ అడెర్లీ పేరు గ్రీన్ బే అభిమానుల్లో వయసు మీరినవాళ్లకు బాగా తెలుసు. గ్రీన్ బే జట్టు ప్యాకర్స్‌లో కార్నర్‌బ్యాక్, అంటే అవతలివాళ్ల పాస్‌లను అడ్డుకునేవాడు. లీగ్ ఫైనల్‌ లాంటి సూపర్ బౌల్ రెండోసారి జరిగినప్పుడు అవతలివాళ్ల పాస్‌ను మధ్యలో పట్టేసి 60 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు. సూపర్ బౌల్‌లో అలా చేసిన మొదటివాడు. 1980లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు వెళ్లాడు. అతని మొదటి కార్డు 1964లో ఫిలడెల్ఫియా గమ్ కంపెనీ వేసింది. 1964 నుంచి 1967 దాకా నాలుగేళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్ హక్కు వాళ్లది, టాప్స్ మాత్రం పోటీ లీగ్ ఏఎఫ్‌ఎల్ కార్డులతో సరిపెట్టుకుంది. కార్డు హక్కులు చేతులు మారడం ఇప్పుడే మొదలు కాలేదన్నమాట.

రిటైరైన ఆటగాళ్ల చేత యూనియన్ ఒక కాగితం మీద సంతకాలు తీసుకునేది: మా పేరు, బొమ్మ మీరు గుంపుగా లైసెన్స్ ఇచ్చుకోవచ్చు, వచ్చినదాంట్లో అర్హులైనవాళ్లకు వాటా. అడెర్లీ సంతకం పెట్టాడు. అతనిలాగే సంతకం పెట్టిన 2,062 మంది తరఫున యూనియన్ మీద శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో కేసు నడిచింది. కార్డు కంపెనీలు, వీడియోగేమ్ కంపెనీలు కట్టిన గంపగుత్త డబ్బు ఒక కుండలో పడేది. అందులోంచి ఆడుతున్న ఆటగాళ్లకు సమానంగా పంచేవారు. యూనియన్ వాటా యూనియన్ తీసుకునేది. రిటైరైనవాళ్లకు సున్నా. విచారణలో జ్యూరీని కదిలించినది ఒక ఈమెయిల్. లైసెన్స్ లేని పాత ఆటగాళ్లను వీడియోగేమ్‌లో గుర్తుపట్టకుండా మార్చేయాలని ప్లేయర్స్ ఇంక్ అధికారి గేమ్ కంపెనీకి 2001లో రాసింది. ఆ గేమ్‌లో పాతకాలపు జట్లలో జెర్సీ నంబర్ మారేది, ముఖం మారేది. ఆటగాడి ఎత్తు, బరువు, ఆడిన తీరు మాత్రం అలాగే ఉండేవి. తెలిసినవాడు చూడగానే పోల్చుకుంటాడు, చెక్కు మాత్రం రాదు.

యూనియన్ వాదన కొట్టిపారేయదగ్గది కాదు: పాతవాళ్లలో కంపెనీలు అడిగేది నలుగురైదుగురు తారలనే, వాళ్లకు విడిగా ఒప్పందాలు చేసి డబ్బిస్తున్నాం, మిగతావాళ్లకు మార్కెట్టే లేదు అన్నారు. జ్యూరీ నమ్మలేదు. 2008 నవంబరులో యూనియన్ 2.81 కోట్ల డాలర్లు కట్టాలంది. అందులో నష్టపరిహారం 71 లక్షలే, మిగతా 2.1 కోట్లు శిక్షగా. ఆ తీర్పు వినడానికి అప్‌షా లేడు. మూడు నెలల ముందే, ఆగస్టులో చనిపోయాడు. రిటైరైనవాళ్ల గోడు గురించి 2006లో అడిగితే, నన్ను ఉద్యోగంలో పెట్టింది వాళ్లు కాదు, తీసేసేది కూడా వాళ్లు కాదు అన్నట్టుగా మాట్లాడి చాలామంది పాత సహచరులను దూరం చేసుకున్నాడు. ఒక గార్డుగా సొంత జట్టు మనిషికి దెబ్బ తగలకుండా కాయడమే జీవితమంతా చేసినవాడి నోట ఆ మాట రావడం బాధాకరం. అయితే ఖజానా కాపలాదారుగా ఆయన చెప్పింది చట్టప్రకారం నిజమే.

2009లో కొత్త నాయకత్వం 2.625 కోట్లకు రాజీ చేసుకుంది. తలకు సగటున 13 వేల డాలర్ల లోపే, అదీ లాయర్ల ఫీజు తీయకముందు. ఒకనాటి పెద్ద క్వార్టర్‌బ్యాక్ జానీ యునైటస్ అప్పటికి లేడు. అతని 1957 కార్డు అడ్డంగా రెండు సగాలుగా ఉంటుంది, ఒకదాంట్లో ముఖం, రెండోదాంట్లో బంతితో పోజు. ఆ విసిరే కుడిచేతి వేళ్లు ముసలితనంలో పనిచేయడం మానేశాయి. లీగ్ నుంచి వైకల్య భత్యం రాలేదు. 2002లో చనిపోయాడు. ఆ కార్డు చేతులు మారినప్పుడల్లా ఎవరో ఒకరికి లాభం వస్తూనే ఉంది.

ఇక్కడి నుంచి ఇవాళ్టికి దూరం తక్కువ. 2021లో ఫనాటిక్స్ పెద్ద లీగులతో, యూనియన్లతో ఏళ్లకేళ్ల ఒప్పందాలు కుదుర్చుకుంది. కొత్త కార్డు కంపెనీలో వాళ్లకు వాటాలూ ఇచ్చింది. ఒక్క కార్డు అచ్చేయకముందే ఆ కంపెనీ విలువ 1,040 కోట్ల డాలర్లని పెట్టుబడిదారులు లెక్కగట్టారు. మరి ఆశపడరా? అదే ఏడాది క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ పానిని రూకీ కార్డు ఒకటి 43 లక్షల డాలర్లకు పోయింది. అద్దెకిచ్చేవాడే అద్దెకున్న దుకాణంలో భాగస్వామి అయ్యాడు. పానిని కేసులో అసలు పాయింటు ఇదే: హక్కు ఎవరికివ్వాలో తేల్చేవాళ్లకే ఒకవైపు వాటా ఉంటే పోటీ ఎక్కడిది? దానికి తోడు తమ ఉద్యోగులను పదులకొద్దీ లాగేసుకున్నారని, తమకు కార్డులు అచ్చేసే ప్రెస్సులో వాటా కొనేశారని పానిని అంటోంది. ఫనాటిక్స్ జవాబు క్లుప్తం: మెరుగైన బేరం చూపించాం, వాళ్లు ఓడారు. 2025 మార్చిలో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు రెండు వైపుల ఆరోపణల్లో కొన్ని కొట్టేసి మిగతావి విచారణకు నిలిపింది.

యూనియన్ పానిని ఒప్పందాన్ని 2023లో ముందుగానే తెంపడం మాత్రం చెల్లలేదు. మధ్యవర్తులు పానినికి 70 లక్షల డాలర్లు కట్టమన్నారు. ఇంకో పక్క, బేస్‌బాల్ యూనియన్‌తో కలిసి 2019లో పెట్టిన లైసెన్సింగ్ సంస్థ వన్‌టీమ్ పార్ట్‌నర్స్ మీద ఫెడరల్ దర్యాప్తు నడుస్తోందని 2025లో బయటపడింది. దర్యాప్తు అంటే తప్పు రుజువైనట్టు కాదు. అదే ఏడాది జూలైలో, వేరే వివాదాలు కూడా చుట్టుముట్టిన సమయంలో, యూనియన్ అధిపతి లాయిడ్ హావెల్ రాజీనామా చేశారు.

అడెర్లీ 2020 అక్టోబరులో చనిపోయాడు. అతని కేసులో యూనియన్ ఒక పక్షం, పాత ఆటగాళ్లు రెండో పక్షం. పానిని, ఫనాటిక్స్ కేసులో రెండు పక్షాలూ కంపెనీలే. ముఖాల డబ్బులో రిటైరైనవాళ్ల వాటా ఎంత అన్న ప్రశ్న ఆ ఫైళ్లలో ఎవరూ వేయలేదు, కాబట్టి తీర్పు ఎటు వచ్చినా దానికి జవాబు రాదు.