ఎఫ్‌జీఎం తర్వాత ఆపరేషన్, మానసిక తోడు: అపోహలు – వాస్తవాలు

బ్రిటన్ ప్రసూతి వార్డుల్లో, గల్ఫ్ ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు నర్సులకు, చికిత్స కోసం హైదరాబాద్ వచ్చే సూడాన్, సోమాలియా మహిళలను చూసే డాక్టర్లకు ఎఫ్‌జీఎం (ఫీమేల్ జెనిటల్ మ్యుటిలేషన్) ఎదురవుతూనే ఉంటుంది. ఆడపిల్లల జననాంగాన్ని కొంతో పూర్తిగానో కోసేయడం, కొన్నిచోట్ల అంచులు కలిపి మూసేయడం దీని రూపాలు. యూనిసెఫ్ 2024 అంచనా ప్రకారం బాధితులు 23 కోట్లకు పైనే. దానివల్ల వచ్చిన ఇబ్బందులు సరిచేయడానికి ఏ ఆపరేషన్ చేసినా ముందూ వెనకా మానసిక సాయం అందుబాటులో ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లోనే చెప్పింది.

అపోహ: పసితనంలో జరిగింది, గుర్తుండదు.

సంఘటన గుర్తు లేకపోయినా ఒంటికి గుర్తుండొచ్చు. పరీక్ష బల్ల మీద కాళ్లు ఎత్తి పెట్టించడం, ఇద్దరు అటూ ఇటూ పట్టుకోవడం, స్పిరిట్ వాసన, ట్రేలో కత్తెర చప్పుడు... ఆనాటి భయం తిరగబెట్టడానికి వీటిలో ఏదైనా చాలు. కొందరు కేకలు వేస్తారు. ఎక్కువ ప్రమాదం మాత్రం మౌనంగా బిగుసుకుపోయేవాళ్లతోనే: చూపు ఒకచోట నిలిచిపోతుంది, పిలిస్తే పలకరు, సిబ్బందేమో ‘బాగా సహకరిస్తోంది’ అనుకుంటారు.

అప్పుడు పరీక్ష వెంటనే ఆపి, పరికరం పక్కన పెట్టాలి. పేరుతో పిలిచి, ఇది ఏ ఊరు, ఏ రోజు, గదిలో ఎవరెవరున్నారో చెప్పాలి. లేచి కూర్చుని పాదాలు నేలకు ఆనించమనాలి. పరీక్షకు ముందే ‘మీరు చెయ్యి ఎత్తితే ఆపేస్తాను’ అని ఒప్పందం చేసుకోవాలి. ఆమె చెయ్యి ఎత్తినప్పుడు ‘ఒక్క నిమిషం, అయిపోయింది’ అన్నారా, ఆ నమ్మకం ఇక తిరిగి రాదు.

అపోహ: మూసిన భాగాన్ని తెరవడం చిన్న పని, లోకల్ మత్తు సరిపోతుంది.

సర్జన్‌కు చిన్న పనే. మచ్చను మధ్యగీత వెంట చీల్చి, రెండు అంచులనూ కరిగిపోయే దారంతో విడివిడిగా కుడతారు. కానీ లోకల్ మత్తులో నొప్పి తెలియకపోయినా తాకడం, లాగడం తెలుస్తాయి. పాత జ్ఞాపకాలు ముంచెత్తే మనిషికి వెన్నులో మత్తో పూర్తి మత్తో ఇచ్చే విషయం ముందే మాట్లాడాలి. కెటమిన్ అనే మత్తుమందు వాడితే మెలకువ వచ్చేటప్పుడు భయానక దృశ్యాలు కనిపించవచ్చు కాబట్టి ఆమె చరిత్ర మత్తు డాక్టరుకు తెలిసి ఉండాలి.

తర్వాత ఏం మారుతుందో బొమ్మ గీసి చెప్పండి. ఇన్నాళ్లూ చుక్కచుక్కగా వచ్చిన మూత్రం ధారగా, చప్పుడుతో వస్తుంది. నెలసరి రక్తం ఎక్కువైనట్టు అనిపిస్తుంది. చెప్పకపోతే ఏదో పాడైందనుకుని హడలిపోతారు. అద్దంలో చూసుకోవడం ఆమె అడిగితేనే.

గర్భిణి అయితే ఈ మాటలు నొప్పులు మొదలయ్యాక కాదు, తొలి విజిట్లలోనే జరగాలి. కాన్పయ్యాక మళ్లీ కుట్టి మూయడం బ్రిటన్‌లో చట్టప్రకారం నేరం. ఇది ముందే చెప్పకపోతే, మళ్లీ మూయాలా వద్దా అన్న వాదన బాలింత మంచం పక్కన జరుగుతుంది.

అపోహ: క్లిటోరిస్ (యోనిశీర్షం) పునర్నిర్మాణంతో అన్నీ సర్దుకుంటాయి.

క్లిటోరిస్‌లో ఎక్కువ భాగం లోపలే ఉంటుంది. మచ్చ తీసి, పట్టి ఉంచే లిగమెంట్ (బంధన కణజాలం) కోసి, మిగిలిన భాగాన్ని ముందుకు తెచ్చే పద్ధతిని ఫ్రెంచ్ యూరాలజిస్ట్ పియర్ ఫోల్డెస్ ప్రచారంలోకి తెచ్చారు. ఫ్రాన్స్‌లో ఆరోగ్య బీమా దీని ఖర్చు భరిస్తుంది. బ్రిటన్ ప్రసూతి వైద్యుల కాలేజీ మాత్రం, ప్రయోజనానికి గట్టి ఆధారం లేదంటూ 2015లో వద్దంది.

కాబట్టి తేదీ ఇచ్చే ముందు ఆమె ఏం ఆశిస్తోందో అడగాలి. నొప్పి పోవాలనా, సుఖం కోసమా, ఒళ్లు మళ్లీ తనదనిపించాలనా, భర్త పోరు పడలేకా? కలయికలో నొప్పికి కటి కండరాలు బిగుసుకోవడం కారణమైతే ఫిజియోథెరపీ, సెక్స్ కౌన్సెలింగ్ ముందు. నిద్ర పట్టకపోవడం, పీడకలలు ఉంటే అత్యవసరం కాని ఆపరేషన్ ఆగొచ్చు, ఆలోచనలు, ప్రవర్తన మీద పనిచేసే మానసిక చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ మొదలుపెట్టాలి. మాట్లాడాక ఆపరేషనే వద్దనుకునేవాళ్లూ ఉంటారు. అదీ సరైన ఫలితమే.

చేయించుకుంటే పుండు మానడానికి వారాలు పడుతుంది. అదే చోట, అదే మంట. పాత గాయం ఆ రోజుల్లోనే తిరగబెడుతుంది గనక కౌన్సెలర్‌తో అపాయింట్‌మెంట్ డిశ్చార్జికి ముందే రాసి ఇవ్వాలి.

అపోహ: భాష రాకపోతే భర్తో, అత్తో అనువదిస్తారు.

వద్దు. శిక్షణ పొందిన మహిళా దుబాసీ కావాలి. వలస సమాజాలు చిన్నవి, ఒకరికొకరు తెలిసే అవకాశం ఎక్కువ. కాబట్టి దుబాసీ పరిచయస్తురాలేమో ముందే కనుక్కోవాలి. పరిచయస్తురాలైతే పేరు చెప్పకుండా ఫోన్‌లో ఇంకొకరితో మాట్లాడించడం మేలు.

అపోహ: ఇది ఆఫ్రికా వ్యవహారం.

షియా ముస్లింలలో ఒక శాఖ అయిన దావూదీ బోహ్రా సమాజంలో ఆడపిల్లలకు చేసే ఈ కోతపై (వాళ్లు ఖఫ్జ్ అంటారు) 2017లో మన సుప్రీంకోర్టులోనే పిల్ పడింది. ఖఫ్జ్‌లో మూసి కుట్టడం ఉండదు కాబట్టి తెరిచే ఆపరేషన్ ప్రసక్తి రాదు. కానీ గైనిక్ పరీక్ష బల్ల మీద బిగుసుకుపోయే మనిషికి పైన చెప్పిన ఒప్పందమే వర్తిస్తుంది.