దృక్పథ పరివర్తన: వివాదమంతా నాలుగో దశ చుట్టూనే

వయోజనుల ప్రాపంచిక దృక్పథాన్ని మార్చడం శిక్షణ తరగతుల వల్ల అవుతుందా అన్న ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. కొద్ది వారాల్లో అభ్యాసకుల ఆలోచనా ధోరణినే మార్చేస్తామని హామీ ఇచ్చేవారు ఒకవైపు, అలాంటి మార్పు పాఠ్యప్రణాళికలో రాసుకున్నంత మాత్రాన రాదనేవారు మరోవైపు వాదిస్తున్నారు. ఇరుపక్షాలూ అమెరికా వయోజన విద్యావేత్త జాక్ మెజిరో చెప్పిన దృక్పథ పరివర్తన సిద్ధాంతాన్నే ఆధారంగా చూపుతాయి. మనసులో పాతుకుపోయిన నమ్మకాలను ప్రశ్నించుకుని లోకాన్ని కొత్తగా చూడటమే ఆ పరివర్తన. తగవు అసలు ఎక్కడ పుట్టిందో చూడాలి.

ఏళ్ల తరబడి చదువుకు దూరమై, తిరిగి అమెరికా కమ్యూనిటీ కళాశాలల్లో చేరిన మహిళలపై జరిగిన అధ్యయనం 1978లో వెలువడింది. 12 కార్యక్రమాలకు చెందిన 83 మంది అనుభవాల నుంచి మెజిరో పది దశలను గుర్తించారు. దిక్కుతోచని సంకటంతో మొదలయ్యే ఈ క్రమం, కొత్త దృక్పథంతో నిత్యజీవితంలో మళ్లీ కుదురుకోవడంతో ముగుస్తుంది. వీటిలో నాలుగోది కీలకం. 1981 నాటి ఆయన వివరణ ప్రకారం, ఈ దశలో మనిషి తన అసంతృప్తిని ఇతరుల అనుభవాలతోనో సమాజ సమస్యలతోనో కలిపి చూసి, అది తన ఒక్కరి గొడవ కాదని గ్రహించాలి. 1991 నాటి గ్రంథానికి వచ్చేసరికి, తనలాగే మరికొందరు ఇలాంటి మార్పును దాటి వచ్చారని తెలుసుకోవడం దగ్గరే ఆ దశ ఆగిపోయింది. సమాజ సమస్యల ప్రస్తావన అందులోంచి తొలగింది. నేటి శిక్షణ కార్యక్రమాలు చాలావరకు అనుసరిస్తున్నది ఈ రెండో రూపాన్నే.

ఈ లోపాన్ని విమర్శకులు అప్పటికే పట్టుకున్నారు. సామాజిక మార్పుకు సంబంధించిన పొందికైన ఆలోచన ఈ సిద్ధాంతంలో లేదని 1989లోనే సుజన్ కొలార్డ్, మైకేల్ లా ఎత్తిచూపారు. కరోలిన్ క్లార్క్, ఆర్థర్ విల్సన్ 1991లో మరింత సూటిగా, ఆ మహిళల అనుభవాలను వారి కాలం నుంచి, పరిసరాల నుంచి విడదీసి చూశారని విమర్శించారు. ఈ అభ్యంతరం చిన్నది కాదు. 1970లలో అమెరికాలో మహిళా ఉద్యమం ఉధృతంగా ఉంది. స్త్రీలు చిన్న బృందాలుగా కూర్చుని తమ అనుభవాలను పంచుకుంటున్న కాలమది. అప్పటి మార్పులో తరగతి గది వాటా ఎంత, ఉద్యమం వాటా ఎంత అన్నది తేల్చకుండా, దాన్నంతా బోధనా పద్ధతి ఖాతాలో వేయడం సబబు కాదు.

సామాజిక కార్యాచరణ ముఖ్యమే అయినా వయోజన విద్యకు అదొక్కటే లక్ష్యం కాదని, ఏ చర్యకు దిగాలన్న నిర్ణయం అభ్యాసకులదేనని మెజిరో బదులిచ్చారు. 2012లో వయోజన విద్యావేత్త మైకేల్ న్యూమన్ చర్చను మరో మలుపు తిప్పి, పరివర్తన అని పిలుస్తున్నది బహుశా మంచి అభ్యసనమే తప్ప వేరే రకానిది కాకపోవచ్చని అన్నారు.

సంకటాన్ని తరగతిలో కృత్రిమంగా కల్పించవచ్చు, బృంద చర్చకు ఒక గంట కేటాయించనూ వచ్చు. అయితే పదో దశ కోర్సు ముగిశాక, ఇంట్లోనూ పనిలోనూ జరగాల్సినది. చివరి రోజున నింపించుకునే అభిప్రాయ పత్రాలు దాన్ని ఎలా కొలుస్తాయో, హామీ ఇస్తున్న పక్షం ఇంకా చెప్పాల్సే ఉంది.