ఇంచీలు కలిస్తే స్టెప్నీ కలిసినట్టు కాదు

"డిక్కీలో ఉన్న ఆ సన్న టైరు తీసేసి మంచి పెద్ద స్టెప్నీ పడేయండి బాబూ." పండగల ముందు మా షాపులో తరచుగా వినే మాట ఇది. విజయనగరంలో టైర్లు, అలైన్‌మెంట్ పని చేస్తాను. ఆ కోరికలో తప్పేమీ లేదు. సాలూరు ఘాట్ మీదుగా కోరాపుట్ వెళ్లేవాళ్లు, ఎస్.కోట నుంచి అరకు ఎక్కేవాళ్లు, రాత్రిపూట ఇంట్లో పెద్దవాళ్లని విశాఖ ఆసుపత్రికి తీసుకెళ్లేవాళ్లు కారుతో కంపెనీ ఇచ్చే ఆ చిన్న టైరుని నమ్మలేకపోవడం సహజం. నేను కూడా పెద్ద స్టెప్నీ ఉంటేనే మంచిదంటాను. బాధల్లా దాన్ని కొనే తీరుతోనే. వేలకి వేలు పోసి, కారుకి ఎక్కని చక్రాన్ని డిక్కీలో మోసుకు తిరిగేవాళ్లు ఎందరో ఉన్నారు. టైరు పంచరైన రోజు దాకా ఆ సంగతి వాళ్లకి తెలియదు.

అపోహ: ఇంచీలు ఒకటే, బోల్టు కన్నాలూ నాలుగే, ఇక ఏ రిమ్మైనా ఎక్కుతుంది

వాస్తవం: ఎక్కదు. ఎక్కినట్టు కనిపించినా ఒక్కోసారి కూర్చోదు. అదే ఎక్కువ ప్రమాదం.

టైరు మీద రాసిన 16 రిమ్ము వ్యాసాన్ని మాత్రమే చెబుతుంది. చక్రాన్ని బిగించే కారు హబ్బు గురించి అందులో ఏమీ ఉండదు. స్విఫ్ట్‌కి, ఐ20కి నాలుగు బోల్టులు. ఆ నాలుగింటి మీదుగా వృత్తం గీస్తే దాని వ్యాసం 100 మిల్లీమీటర్లు. ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌కి కూడా నాలుగే, కానీ 108 మిల్లీమీటర్లు. పక్కపక్కన పెడితే తప్ప కంటికి ఆ తేడా తెలియదు. పోలోకి ఐదు బోల్టులు, 100. క్రెటాకీ ఐదే, కానీ 114.3.

సరే, ఆ లెక్క కలిసిందనుకుందాం. తర్వాత మధ్య కన్నం చూడాలి. స్విఫ్ట్, ఐ20 రిమ్ములకి అది 54.1 మిల్లీమీటర్లు. హోండా సిటీకి 56.1. మూడు కార్లకీ బోల్టుల లెక్క 4, 100 అనే ఉంటుంది. అమ్మేవాడు అది చూసి "పడుతుందండీ" అనేస్తాడు. స్విఫ్ట్ రిమ్ము తీసుకెళ్లి సిటీకి పెడితే బోల్టులు కన్నాల్లోంచి వస్తాయి గానీ, రిమ్ము హబ్బు అంచు దగ్గరే ఆగిపోతుంది.

ఒక సంక్రాంతికి సరిగ్గా ఇదే జరిగింది. తెలిసిన కుటుంబం కోరాపుట్ వెళ్తోంది. సాలూరు దాటి ఘాట్ ఎక్కాక, సుంకి ఇవతల రాయి తగిలి టైరు పక్కగోడ చీలింది. డిక్కీలో పెద్ద స్టెప్నీ ఉందని కారు నడుపుతున్న ఇంటాయన ధీమాగానే దిగాడు. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రిమ్ము, మంచి టైరు, ఇంచీలూ కలిశాయి. కాసేపటికి ఫోన్: "ఏటండీ ఇది, కాలితో తన్నినా లోపలికి ఎల్లట్లేదు!" ఫొటో పంపమన్నాను. రిమ్ముకీ హబ్బుకీ మధ్య సందు కనిపిస్తోంది. అలాగే నట్లు బిగించి మెల్లగా కిందికి దిగిపోదామని ఆయన ఆలోచన. వద్దని గట్టిగా చెప్పాను. రిమ్ము వెనక భాగం హబ్బుకి పూర్తిగా ఆనకపోతే బరువంతా బోల్టుల మీదే పడుతుంది. నట్లు ఎంత బిగించినా తిరిగే కొద్దీ వదులవుతాయి. అదీ ఘాట్‌లో, ముందు చక్రం. కారులో వాళ్లమ్మగారు, ఇద్దరు పిల్లలు. పొద్దు వాలుతోంది. సాలూరు లారీల ఊరు కాబట్టి అక్కడ టైరు పనివాళ్లకి కొదవలేదు. తెలిసిన మేస్త్రీకి ఫోన్ చేసి పంపాను. ఆ మేస్త్రీ చక్రం కిందికి తెచ్చి, వేరే టైరు వేసి మళ్లీ పైకి తీసుకెళ్లేసరికి బాగా రాత్రయింది. కారుతో వచ్చిన చిన్న స్టెప్నీ ఏమైందని ఇంటాయన్ని అడిగితే, పెద్దది కొన్న చోటే రేటులో కొంత తగ్గిస్తారంటే ఇచ్చేశానన్నాడు. ఆ చిన్నది డిక్కీలో ఉండుంటే చీకటి పడకముందే సాలూరులో ఉండేవాళ్లు.

కన్నం పెద్దదైతే ఇంకో రకం సమస్య. చక్రం తేలిగ్గా ఎక్కుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ హబ్బు పట్టు లేకపోవడంతో చక్రం మధ్యకి కుదరదు. వేగం పెరిగితే స్టీరింగ్ వణుకుతుంది. దీనికి సరిపడే రింగులు దొరుకుతాయి, వేయించుకోవాలి.

నాకు అన్నిటికంటే భయం నట్టు విషయంలో. హోండా కంపెనీ రిమ్ములకి నట్టు అడుగు గుండ్రంగా ఉంటుంది. బయట దొరికే చాలా రిమ్ములకి ఆ చోటు కోను ఆకారంలో ఉంటుంది. గుండ్రటి నట్టుని కోను గుంటలో బిగిస్తే పానాకి గట్టిగానే తగులుతుంది, కానీ లోపల సన్నటి గీత మేర మాత్రమే ఆనుతుంది. కొంత దూరం వెళ్లాక వదులైపోతుంది. ఒక టీచరుగారు బొబ్బిలి నుంచి "ముందు నుంచి టకటకమని చప్పుడొస్తోందండీ, బేరింగేమో చూడండి" అంటూ వచ్చారు. బేరింగు బాగానే ఉంది. నట్లు నాలుగూ చేత్తో తిరుగుతున్నాయి. టీచరుగారి పక్క సీట్లో కూర్చుని వచ్చిన ఆవిడకి అది చూపించినప్పుడు ఆవిడ ముఖం పాలిపోయింది. మర కూడా చూడాలి. మారుతీ నట్టులో మరల మధ్య దూరం 1.25 మిల్లీమీటర్లు, హ్యుందాయ్‌ది 1.5. ఒకదాని నట్టు ఇంకొకదానికి బలవంతంగా ఎక్కిస్తే బోల్టు పాడవుతుంది. పోలో లాంటి కార్లకైతే నట్లే ఉండవు, బోల్టులే హబ్బులోకి దిగుతాయి. వాటికి బోల్టు పొడవు కూడా సరిపోవాలి. కొన్ని కార్లలో అల్లాయ్‌కి వాడే నట్లు స్టీల్ రిమ్ముకి పనికిరావు. అలాంటప్పుడు స్టీల్ రిమ్ముకి సరిపడే నట్ల సెట్టు విడిగా కొని స్టెప్నీతో పాటే కట్టి ఉంచాలి.

ఇన్ని కొలతలు మేమెక్కడ గుర్తుపెట్టుకుంటామని అడుగుతారు. అక్కర్లేదు. డబ్బు ఇచ్చే ముందు ఒకే ఒక్క పని చేయండి. కారుని జాకీ మీద లేపి, ఆ చక్రాన్ని ముందు హబ్బుకి పెట్టించండి. ముందు హబ్బుకే ఎందుకంటే, పెద్ద బ్రేకు డిస్క్, దాన్ని నొక్కి పట్టే కాలిపర్ ఉండేది అక్కడే. చిన్న రిమ్ములు చాలాసార్లు వెనక హాయిగా తిరిగి, ముందు కాలిపర్‌కి రాసుకుంటాయి. రిమ్ము వెనకాల సందు లేకుండా ఆనిందా చూడండి. నట్లు మొదట చేత్తోనే నాలుగైదు చుట్లు ఎక్కాలి. చక్రాన్ని చేత్తో తిప్పండి. స్టీరింగ్ అటు చివర నుంచి ఇటు చివరకి తిప్పి, టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూడండి. ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందన్న కొలత, తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది. తర్వాత వెనక కూడా ఒకసారి పెట్టి చూడండి. ఇంత చేయడానికి ఒప్పుకోని షాపులో కొనకండి. ఇదంతా అయ్యేదాకా పాత చిన్న స్టెప్నీని ఎవరికీ ఇవ్వకండి.

అపోహ: రోడ్డు చక్రం 16 అయితే స్టెప్నీ 15 ఉండకూడదు

ఇది పైదానికి తిరగేసిన పొరపాటు. ఇక్కడ కూడా అనవసరంగా డబ్బు పోతుంది. చూడాల్సింది రిమ్ము సైజు కాదు, టైరు బయటి వ్యాసం. 195/55 ఆర్16 టైరు తీసుకోండి. 195లో 55 శాతం 107.25 మిల్లీమీటర్లు, పైనా కిందా కలిపి 214.5. దానికి రిమ్ము 406.4 కలిపితే సుమారు 621. ఇప్పుడు 185/65 ఆర్15: పక్కగోడలు 240.5, రిమ్ము 381, మొత్తం 621.5. తేడా మిల్లీమీటరు కూడా లేదు. అందుకే చాలా మోడళ్లలో పై వేరియంట్‌కి 16 అల్లాయ్, కింది వేరియంట్‌కి 15 స్టీల్ ఇస్తారు. మీ కారు మోడల్‌లోనే కింది వేరియంట్‌కి కంపెనీ ఇచ్చే స్టీల్ రిమ్ము, అదే సైజు టైరు కొనుక్కుంటే అల్లాయ్ కంటే చాలా తక్కువలో పని అయిపోతుంది. పైన చెప్పినట్టు ముందు బ్రేకుకి మాత్రం పెట్టి చూడాలి. పై వేరియంట్‌లో డిస్కు పెద్దదిగా ఉండొచ్చు.

టైరు మీద సైజు తర్వాత ఉండే లోడ్ నంబరు కూడా మీ కారు డోరు దగ్గర స్టిక్కర్‌లో చెప్పినదానికి తగ్గకూడదు. 82 అంటే 475 కిలోలు, 88 అంటే 560, 91 అంటే 615. చవకగా వస్తోందని తక్కువ నంబరు టైరు వేయించుకుని, కుటుంబమంతా సామాన్లతో ఎక్కకండి.

అపోహ: ఆ చిన్న టైరు బరువుకి పేలిపోతుంది

ఈ భయంతో చాలామంది పంచరైన చోటే గంటల తరబడి కూర్చుంటున్నారు. ముఖ్యంగా ఒంటరిగా నడిపే ఆడవాళ్లు. వాళ్లకి గట్టిగా చెబుతున్నాను: గాలి సరిగ్గా ఉంటే అది బరువుకి పేలదు. టి125/80 డి15 95ఎం అని రాసున్న టైరు 690 కిలోలు మోస్తుంది. ఆ కారు మామూలు టైరు చాలాసార్లు మోసేది అంతకంటే తక్కువే. కాకపోతే అంత మోయాలంటే దాంట్లో 60 పీఎస్ఐ గాలి ఉండాలి. బంకుల్లో, పంచరు షాపుల్లో కుర్రాళ్లు అన్ని టైర్లతో పాటు దానికీ 32 కొట్టి పంపేస్తారు. ఈ టైర్లు చెడిపోవడానికి నేను చూసిన ముఖ్య కారణం ఇదే. టైరు మీద 60 అని రాసి ఉంటుంది, అది చూపించి కొట్టించుకోండి. ఇంకో మాట. డిక్కీలో ఉన్న స్టీల్ చక్రమల్లా ఈ రకం కాదు. సైజు ముందు టి అన్న అక్షరం లేకపోతే అది మామూలు టైరే, దానికి మామూలు గాలే.

అలాగని దాని మీద వారాల తరబడి తిరగొచ్చని కాదు. రబ్బరు పల్చగా ఉంటుంది, రోడ్డు మీద ఆనే వెడల్పు తక్కువ. వానలో బ్రేకు వేస్తే ఆ మూల పట్టు తగ్గుతుంది. బయటి వ్యాసం కూడా తేడా ఉంటే, రెండు చక్రాల వేగం తేడాని సర్దే డిఫరెన్షియల్ తిన్నగా వెళ్లేటప్పుడు కూడా ఆగకుండా పని చేస్తూనే ఉంటుంది. ముందు చక్రాలు లాగే కారుకి ముందు టైరు పంచరైతే, నేనైతే వెనక మంచి చక్రం ముందుకి తెచ్చి, చిన్నదాన్ని వెనక పెడతాను. రోడ్డు పక్కన ట్రాఫిక్‌లో ఉంటే ఆ శ్రమ పడొద్దు. ముందు అక్కడి నుంచి కదలండి, 80 దాటకుండా దగ్గరి షాపుకి వెళ్లండి.

అపోహ: డిక్కీ గుంటలో పట్టకపోయినా పర్లేదు, పైన పడుకోబెడదాం

పర్లేదు అనుకోవద్దు. 125 వెడల్పు టైరు కోసం చేసిన గుంటలో 205 టైరు పెడితే ఎనిమిది సెంటీమీటర్లు పైకి లేస్తుంది. మధ్యలో బిగించే బోల్టు అందదు. ఇరవై కిలోల దాకా ఉండే చక్రం కట్టకుండా వదిలేస్తే, హైవే మీద గట్టి బ్రేకుకి వెనక సీటు మీదికి వస్తుంది. ఆ సీట్లో పిల్లలుంటారు. పొడవు బోల్టు వేయించండి, లేదా డిక్కీలో ఉన్న హుక్కులకి గట్టి బెల్టుతో కట్టించండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. నైట్రోజన్ కొట్టిస్తే చెక్ చేయక్కర్లేదన్నది అబద్ధం. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది, స్టెప్నీకి నెలకోసారి గాలి చూసుకోవాల్సిందే. రోడ్డు ఎక్కని టైరు ఎప్పటికీ కొత్తదే అన్నదీ తప్పే. టైరు పక్కగోడ మీద తయారీ కోడులో చివరి నాలుగు అంకెలు చూడండి, 2319 అంటే 2019లో 23వ వారం. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది. రిమ్మూ టైరూ రోడ్డు చక్రాల్లాంటివే అయితే, టైర్ల చోట్లు మార్చి వేసే రొటేషన్‌లో దాన్నీ కలపండి. స్టెప్నీ వేశాక డాష్‌బోర్డులో టైర్ లైట్ వెలిగిందని కంగారు పడకండి, చాలా స్టెప్నీలకి సెన్సర్ ఉండదు. చక్రం మార్చాక యాభై కిలోమీటర్లకి నట్లు మళ్లీ బిగించండి.

చివరిగా, అసలు స్టెప్నీయే లేని కార్లు. 2020లో కేంద్రం నిబంధన మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, రిపేరు కిట్టు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లు ఉంటే కారుకి స్టెప్నీ తప్పనిసరి కాదు. ఆ కిట్టు మేకు దిగిన చిన్న కన్నాన్ని మూస్తుంది, రాయి కోసిన పక్కగోడని మూయలేదు. ఘాట్ రోడ్ల మీద తిరిగేవాళ్లయితే ఈ కార్లకి కూడా ఒక చక్రం కొనుక్కోండి, పైన చెప్పినట్టు పెట్టి చూసుకునే. వీటిలో చాలావాటికి జాకీ, పానా రావు, అవీ కొనాలి. ఎలక్ట్రిక్ కారైతే కింద బ్యాటరీ ఉంటుంది కాబట్టి, జాకీ ఎక్కడ ఆనించాలో మాన్యువల్లో చూసి, ఇంటి దగ్గరే ఒకసారి లేపి దించండి.